కంప్యూటర్ ఒప్పుకోని పురుడు

జీడిమెట్లలోని ఆ మిక్సీల ఫ్యాక్టరీలో రాబోయే రోజుల పనంతా కంప్యూటర్ ఈరోజే తన తెరమీద జరిపించి చూసుకునేది. ఎవరు ఎప్పుడు తుమ్మాలో కూడా అదే తేల్చేది. మోటార్లు బిగించే హారికకు నిండు నెలలు. మధ్యాహ్నం నడుము పట్టుకుని మేనేజరు ఫణీంద్ర దగ్గరికి వచ్చింది.

“నొప్పులొస్తున్నయ్ సార్, దవాఖానకు పోవాలె.”

ఫణీంద్ర తెర చూశాడు. “శుక్రవారం దాకా నీకు నొప్పులు రావమ్మా. ఇవాళ లైను ఆగే వీల్లేదు. కాస్త సర్దుకో.”

“అయితే మీ కంప్యూటర్‌నే కనమనుండ్రి!” అంటూ ఆమె ఎర్ర మీట నొక్కేసింది. లైను ఆగిపోయింది. తోటి ఆడవాళ్లు ఆమెను సామాన్ల బండిమీద కూర్చోబెట్టి దవాఖానకు తోసుకుపోయారు. తెరమీద మాత్రం మిక్సీలు నిక్షేపంగా తయారవుతూనే ఉన్నాయి. అది చూసి, పని బ్రహ్మాండంగా సాగిందని పైవాళ్లు ఫణీంద్రను మెచ్చుకున్నారు.

మర్నాడు అతను పళ్లు పట్టుకుని బాలింతను చూడటానికి వెళ్లాడు. “వచ్చే సోమవారం నువ్వు పనిలో ఉన్నట్టు కంప్యూటర్ చూపిస్తోందమ్మా,” అన్నాడు మొహమాటంగా.

హారిక పసిగుడ్డును అతని చేతుల్లో పెట్టింది. క్షణంలో ఇస్త్రీ చొక్కా తడిసి ముద్దయింది. ఆ సంగతి కంప్యూటర్ ముందుగా చెప్పలేదు, పాపం.