మెక్‌డొనాల్డుల పగ

"పైలోళ్ల ఇంట మంచినీళ్లు కూడా ముట్టమని తాతల నాటి ఒట్టు. పిల్లనిస్తామేటి? ఎవరి పేణం మీదికి తెత్తావే?"

గరిటె పట్టుకునే అడిగింది గౌరీశ్వరి. చేసుకుంటే ఎదురింటి పైల సాయిరాంనే చేసుకుంటానని కూతురు నాగశ్రీ అప్పుడే చెప్పింది మరి. ఆ ఒట్టు శ్రీకాకుళం పల్లెలో కాలవ తగువు నాడు పుట్టింది. రెండు కుటుంబాలూ ఒడిశాలోని గుణుపురం వచ్చి ఎదురెదురుగా ఇళ్లు కట్టుకున్నా, ఆ ఒట్టుకు కట్టుబడి ఎవరూ వీధి దాటలేదు.

ఇంతలో మేడమీద గది అద్దెకు కావాలంటూ ఒక తెల్లమ్మాయి వచ్చి వరండాలో కూర్చుంది. సవర భాష నేర్చుకుంటోందట.

"ఏ వంశమో ఏటో కనుక్కోవే అమ్మీ. రాత్రికి మన పీకలు కోసీసి పోతే?"

నాగశ్రీ ఇంగ్లీషులో ఏదో అడిగింది. ఆ పిల్ల నవ్వి రెండు ముక్కలంది.

"స్కాట్లాండట అమ్మా. ఇంటిపేరు మెక్‌డొనాల్డు. మెక్ అంటే కొడుకు. ఎనకటికి డొనాల్డని ఒక దీవుల దొర ఉండేవోడు. ఆయన పిల్లాజెల్లా, ఆయన్ని నమ్ముకున్నోళ్లూ అందరూ మెక్‌డొనాల్డులే. వంశానికో గళ్లగుడ్డ. మొగోళ్లు దాన్నే పావడాలాగ కడతారు."

"ఒలమ్మ! ఆ రెండు ముక్కల్లో ఇంతుందేటి?"

"ఇంగ్లీసు కురచ బాసమ్మా."

కాబోలనుకుంది గౌరీశ్వరి. "మంచోళ్లేనా?"

మళ్లీ ఒక ప్రశ్న, మళ్లీ ఒక నవ్వు.

"మంచోళ్లే పాపం. మూడొందలేళ్ల కిందట కేంబెల్ వంశపోడొకడు రాజుగారి సిపాయిలతో వచ్చి ఈళ్ల ఇళ్లల్లో దిగేడు. పాత పగ మర్సిపోయి ఈళ్లు రెండు వారాలు తిండి పెట్టేరు. ఓ రోజు మంచు కురుస్తుంటే, తెల్లారకుండానే, తిండి పెట్టినోళ్లనే నరికీసేరు."

గౌరీశ్వరి మేడ మెట్ల వైపు చూసింది. "ఆ కేంబెలోళ్లు ఈ పిల్లని ఎతుక్కుంటూ మన మేడెక్కితే?"

"ఎక్కరు. ఈ పిల్ల కన్నతల్లి కేంబెలోళ్ల ఆడపడుచే. వియ్యమందుకున్నాక ఎవరు ఎవర్ని నరుకుతారమ్మా? అందుకోనోళ్లకే భయం."

గౌరీశ్వరి చూపు ఎదురింటి మీద పడింది. పైలోళ్ల వరండాలో కొబ్బరికాయలు కొట్టే కత్తి వేలాడుతోంది. అది అక్కడ ఎన్నేళ్లుగా ఉందో! ఇవాళే మొదటిసారి తళుక్కుమంది.

గరిటె పక్కన పెట్టి, కొంగు సర్దుకుని, వీధి మొహాన నిలబడింది. ముగ్గు దగ్గర సాయిరాం తల్లి బుల్లి కనబడగానే గొంతెత్తింది.

"వదినా! రేపు మీరందరూ మాయింటికి భోజనానికి రండి! పిల్లల మాట మాటాడుకుందాం!"

బుల్లి చేతిలోని చెంబు జారింది. ఆటోవాడు ఆటో ఆపి మరీ చూశాడు. వీధి వీధంతా విన్నది. అటునుంచి జవాబొచ్చింది. "అలగే వదినా!"

అమ్మయ్య, పిల్లలు దక్కారు! నాగశ్రీ లోపలికి పారిపోయింది. గుండె కుదుటపడిన గౌరీశ్వరి, తెల్లమ్మాయికి చల్లటి మజ్జిగ అందిస్తూ, అర్థమైనా కాకపోయినా పలకరించాలి కదా అని ఒడియాలో అంది, "ఎండ బాగా ఉంది కదమ్మా?"

ఆ పిల్ల మజ్జిగ గుక్కెడు తాగి, ముత్యాల్లాంటి ఒడియాలో జవాబిచ్చింది.

"అవును మావుసీ! మా పోలండులో ఇంత ఎండ ఎక్కడిది?"