కెమెరా వైపు చూడని జంట

పెళ్లి లేని కాపురాలలో అసలేదో నకిలీ ఏదో తేల్చి తీర్పు చెప్పే ధర్మపీఠం, పెర్త్ నగరంలో ఒక వీసా కార్యాలయపు మూడో అంతస్తులో, గురకపెట్టే ఏసీ కింద ఉంది. దానిని అధిష్ఠించిన గ్వెండా ఆ ఉదయం కొన్ని ఫోటోలను బల్ల మీద పరిచి కనుబొమలు ముడిచింది.

ఎదురుగా ట్రెవర్. అతని పక్కన ఫిజీ నుంచి వచ్చిన లోసలీని. ఏడాదికి పైగా ఆలుమగల్లా కలిసి బతికామని రుజువైతే ఆమె ఇక్కడే ఉంటుంది. లేకుంటే మూటాముల్లె సర్దుకుని విమానం ఎక్కాలి.

"బ్యాంకు ఖాతా?"

"ఎవరిది వాళ్లదే."

"కరెంటు బిల్లు?"

"ఆమె పేరు మీదే వస్తుంది."

"కలిసి ఉంటున్నారని తెలిసిన స్నేహితులు?"

"మేం... పెద్దగా ఎవరితోనూ కలవమండీ." ట్రెవర్ మెడ రుద్దుకున్నాడు.

గ్వెండా అనుమానం పడగ విప్పింది. లోకంలో ప్రేమికులన్నవారు చెంపకు చెంప ఆనించి, పళ్లన్నీ ప్రదర్శించి, కెమెరాలోకే చూస్తారు. ఈ మహానుభావులు ఒక్క ఫోటోలోనూ చూడలేదు. సముద్రపు ఒడ్డున ఒకే పొట్లంలోంచి చేపముక్కలు తింటున్నారు. చూపు అలల మీద. పెరట్లో తడిబట్టలు ఆరేస్తున్నారు. చూపు క్లిప్పుల మీద. ఇంతటి సహజత్వం ఆరితేరిన నటులకు తప్ప అన్యులకు సాధ్యమా?

"భలే నటించారండీ! ఎవరు తీశారివి?"

లోసలీని ట్రెవర్ వైపు చూసింది. ట్రెవర్ బల్ల వైపు చూశాడు.

"చెప్పెయ్," అందామె మెల్లగా. "ఇక్కడ నన్ను పంపించేస్తుంటే సిగ్గేమిటి నీకు?"

"కోరల్ అని... నాకు తెలిసినావిడ." నంబరు చెప్పి నీళ్లు నమిలాడు ట్రెవర్. "మనసు బాగుంటేనే మాట్లాడుతుంది."

గ్వెండా ఇద్దరినీ బయట కూర్చోబెట్టి ఫోను అందుకుంది. దొంగసాక్షులను చీల్చి చెండాడడంలో ఆమెది అందెవేసిన చెయ్యి.

"ట్రెవర్, లోసలీనిల బంధం నిజమైనదేనంటారా?"

"నిజమా!" అవతలి గొంతు పెళ్లున నవ్వింది. "జన్మలో కాఫీ కప్పు కడిగి ఎరగడమ్మాయ్ ఆ మనిషి! అలాంటివాడు ఆవిడ లోబట్టలు కూడా ఆరేశాడు. ఇంతకంటే నిజం ఇంకెక్కడుంటుంది?"

"కంఠతా పట్టినట్టే చెబుతున్నారే! మీకెంత ముట్టిందేం?"

"ముట్టడమా? నాకే చేతిచమురు వదిలింది."

"వాళ్లంటే అంత అభిమానమా?"

"అభిమానమా, నా మొహమా! వాళ్లు ఎదురైతే నేను పక్క వీధిలోకి తిరిగిపోతాను."

గ్వెండా కలం ఆగింది. పొగిడే దొంగసాక్షులను ఆమె ఎందరినో చూసింది. తిట్టే దొంగసాక్షి మాత్రం తన సుదీర్ఘ ధర్మపాలనలో ఎన్నడూ తారసపడలేదు.

"మరి ఆ ఫోటోలు ఎందుకు తీశారు?"

"నేను తియ్యలేదమ్మాయ్, డిటెక్టివ్‌ని పెట్టి తీయించాను, అప్పట్లో ట్రెవర్ నా మొగుడు."