సగంలో పోయిన కరెంటు

"మళ్ళీ మొదటికొచ్చిందమ్మా! సగంలో కరెంటు పోయింది," అన్నారు డ్రాయింగు మాస్టారు తలుపు తీస్తూనే.

రిపేరు షాపు అమ్మాయి ల్యాప్‌టాప్ తెరిచింది. విండోస్ నిక్షేపంగా ఉంది. దాని పక్కన పెన్‌డ్రైవ్ నుంచి ఎక్కించాల్సిన లైనక్స్ అనే రెండో సిస్టమ్ మాత్రం, పోయినసారి లాగే, అటూ ఇటూ కాకుండా మధ్యలో ఆగిపోయింది.

"ఈసారి దగ్గరుండి నేర్పేస్తాను మాస్టారూ. ఇక నాతో పనే ఉండదు మీకు."

"అంత తొందరేముందిలే."

బల్ల మీద అప్పటికే రెండు కప్పుల్లో టీ పోసి ఉంది. ఆమె చూపు తెర మూలనున్న బ్యాటరీ గుర్తు మీద పడింది. నిండుగా ఉంది.

"బ్యాటరీ ఉండగా కరెంటు పోతే ఇది ఎందుకాగుతుంది మాస్టారూ?"

ఆయన తల దించుకున్నారు.

"పెన్‌డ్రైవ్ నేనే లాగేశానమ్మా. అది పూర్తయిపోతే నిన్ను ఏ వంకతో పిలవను?"

నోటిదాకా వచ్చిన కోపాన్ని ఆమె టీతో పాటు మింగేసింది. పని మళ్ళీ మొదలుపెట్టింది. ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని, తెర మీద పని ఎంతయిందో చూపే గీత నిండేదాకా చూశారు.

"సెలవు రోజు వస్తాను. దేన్నీ పాడు చెయ్యక్కర్లేదు," అంది లేస్తూ.

మాస్టారు పెన్‌డ్రైవ్ తీసి ఆమె చేతిలో పెట్టారు.

"ఇది నీ దగ్గరే ఉంచమ్మా. సెలవు రోజు దాకా నన్ను నేనే నమ్మలేను."