పలకని నేరం

"నన్ను పోలీసులకు పట్టియ్యండి సామీ. నా తమ్ముణ్ణి నేనే చంపినాను."

రాయవేలూరు వకీలు లోకనాథం నాయుడు రాస్తున్న కలం కింద పెట్టాడు. ఐదో జార్జి పటం కింద చేతులు కట్టుకుని నిలబడ్డ మనిషి గుడియాత్తం నేతగాడు దొరస్వామి. నిద్రపోయి ఎన్నాళ్ళయిందో అన్నట్టుంది ఆ ముఖం.

"ఎట్ల చంపినావప్పా?"

"పాము కరిచి చచ్చినాడు సామీ."

నాయుడికి నవ్వొచ్చింది. ఎదుటి మనిషి కళ్ళు చూసి ఆ నవ్వు మింగేశాడు.

"పామును నువ్వు తెచ్చి వదిలినావా?"

"లేదు సామీ, అదే వచ్చింది. పొద్దున్నే నేను నా మగ్గం కాడ కూర్చోనుండా. నాగుబాము గోడవారగా వచ్చి వాడి మగ్గం గుంటలోకి దిగింది. కండ్లారా చూసినా. కొంచేపటికి వాడు వచ్చి కాళ్ళు దించినాడు. నేను నోరు తెరవలేదు."

మగ్గం గుంటంటే నేతగాడు కాళ్ళు దించి, మగ్గాన్ని తొక్కే గొయ్యి. రోజంతా అందులోనే ఉండాలి ఆ కాళ్ళు.

"ఎందుకు తెరవలేదు?"

"మాకు మాటల్లేవు సామీ."

వీధిలో పడుగు నూలు సాగదీసి గంజి పెట్టే చోటు దగ్గర అన్నదమ్ములకు మాటామాటా వచ్చింది. ఇక నీతో మాట్లాడితే నా పేరు మార్చుకుంటానని దొరస్వామి అంటే, నేను మీసం తీయించుకుంటానని తమ్ముడు అప్పాసామి అన్నాడు. ఆనాటి నుంచి ఒకే ఇంట్లో, ఎదురెదురు మగ్గాల మీద, ఉలుకూ పలుకూ లేదు. చెప్పక తప్పనిది ఏదైనా ఉంటే గోడతో చెప్పేవాళ్ళు. "గోడా, నూలు అయిపోయింది" అని అన్న. "గోడా, నేను బజారుకు పోతాండా" అని తమ్ముడు. ముందు పలికినవాడు ఓడినట్టు. వీధంతా ఈ వేడుక చూసి నవ్వుకునేది.

"ఆ పొద్దు గోడకైనా చెప్పి ఉండచ్చు గదప్పా!" అన్నాడు నాయుడు.

దొరస్వామి తల దించుకున్నాడు. ఆ మాట తనకు తాను ఎన్నిసార్లు చెప్పుకున్నాడో అతనికే తెలియదు.

నాయుడు పీనల్ కోడ్ తీసి పేజీలు తిప్పాడు. "విను నాయనా. హత్య అనాలంటే చంపాలనే ఉద్దేశం ఉండాల. దానికి తగిన పని చేసుండాల. ఆ పని వల్లనే చావు వచ్చుండాల. నువ్వు వాణ్ణి గుంటలోకి తోసినావా?"

"లేదు సామీ."

"పాము లేదు, దిగు అని నమ్మించినావా?"

"లేదు."

"మరేం చేసినావు?"

"ఏమీ చెయ్యలేదు. అదే కదా సామీ నేను చేసింది!"

"చెయ్యకపోయేది కూడా ఒక్కోసారి నేరమే. రైలు గేటు కాసేవాడు గేటు వెయ్యక మనిషి చస్తే, వాడు ముద్దాయి. ఎందుకంటే కాసే పని వాడికి ఒప్పజెప్పి ఉంటారు. నీ తమ్ముణ్ణి కాసే పని నీకెవరు ఒప్పజెప్పినారు?"

"మా అమ్మ సామీ. పోయేటప్పుడు వాడి చెయ్యి నా చేతిలో పెట్టి చూసుకోమనింది."

నాయుడు కాసేపు పుస్తకం వైపు, కాసేపు అతని వైపు చూశాడు. "అమ్మ మాట చట్టంలోకి రాదప్పా," అని గొంతు తగ్గించాడు. "నిజం చెప్పు. వాడు చావాలని అనుకున్నావా?"

దొరస్వామి భోరుమన్నాడు. "లేదు సామీ! కాళ్ళకు ఏదో తగిలితే బెదిరి 'అన్నా' అని అరుస్తాడు, నేను గెలుస్తా అనుకున్నా. నిజం చెప్పాలంటే గెలుపు కూడా కాదు. వాడు 'అన్నా' అంటే వినాలని ఉన్నింది. కరిచినాక కూడా పండ్లు బిగబట్టుకున్నాడే గాని అనలేదు సామీ. పక్కూరి వైద్యుణ్ణి తీసుకొచ్చేలోపల అయిపోయినాడు."

నాయుడు పుస్తకం మూసేశాడు. "నీ మీద ఏ కేసూ నిలవదు. ఇంటికి పో."

ఉరి తప్పిన మనిషి సంతోషించాలి. దొరస్వామికి దిక్కు తోచలేదు. శిక్ష వేస్తే అనుభవించి తీర్చుకోవచ్చు. నేరమే కాదని పంపేస్తే ఈ బరువు ఎక్కడ దించుకోవాలి? జట్కా ఎక్కినా, కాట్పాడిలో రైలెక్కినా అదే ఆలోచన. గుడియాత్తంలో దిగేసరికి ఒక్క దారి కనబడింది. చట్టానికి చేతకాని శిక్ష వేయగలిగిన మనిషి ఒకతే ఉంది.

తమ్ముడి భార్య పచ్చయమ్మ తలుపు చాటునే నిలబడింది. భర్త అన్నగారి ఎదుటికి ఆమె ఏనాడూ వచ్చింది లేదు. దొరస్వామి గడప ముందు కూలబడి ఒక్కటీ దాచకుండా చెప్పాడు.

"నీ పసుపుకుంకాలు తీసింది పాము కాదమ్మా, నేను. తిట్టు. చెప్పుతో కొట్టు. నోటికొచ్చిన శాపం పెట్టు."



"నాకు తెలుసు బావా," అంది పచ్చయమ్మ తలుపు వెనక నుంచి.

"ఎట్ల తెలుసు? ఆ పొద్దు మేమిద్దరం తప్ప ఆడ ఎవరూ లేరే!"

"మీరు వైద్యుడి కాడికి పోయినప్పుడు ఆయనే చెప్పినాడు. అన్నను ఒక్క మాట అనొద్దన్నాడు."

"నేను చూసినట్టు వాడికెట్ల తెలుసమ్మా?"

"పాము గుంటలోకి దిగేది పెరటి వాకిలి కాడ్నించి ఆయనా చూసినాడు బావా. మీరు చూసేదీ చూసినాడు. ఈరోజు అన్న నాతో మాట్లాడక ఏం చేస్తాడు అని, సంబరంగా పోయి కాళ్ళు దించినాడంట."