వణికిన గొంతు

గుర్‌గావ్‌లో ఉద్యోగం చేసే ప్రవల్లిక ఆదివారాలు ఒక గాయక బృందంలో పాడుతుంది. ఈసారి కచేరీకి తీసుకున్న పాటలో ఒక్క మాట కూడా లేదు. ముప్ఫైమందీ పెదవులు మూసుకుని గొంతులోనే రాగం పలికించాలి.

కచేరీ రికార్డింగు కాకినాడలో ఉన్న అమ్మకు పంపింది. కాసేపట్లోనే ఫోన్ వచ్చింది.

“అంతమందిలోనూ నీ గొంతు పట్టేశానే! చివర్లో వణికింది నువ్వే కదా? ఏడుస్తున్నట్టుంది. ఒక్కదానివీ దిగులుపడిపోతున్నావా అక్కడ?”

“లేదమ్మా. బానే ఉన్నాను.”

ఫోన్ పెట్టేశాక ఆ చివరి భాగం మళ్లీ మళ్లీ విన్నది. నిజానికి ఢిల్లీ పొగకి ఆ రోజు ఆమె గొంతు పూర్తిగా పోయింది. పాడకుండా ఊరికే నిలబడింది. పెదవులు మూసే ఉండాలి కాబట్టి ఎవరూ కనిపెట్టలేదు.

ఆ వణుకు తన ఎడమపక్క నుంచి రావడం అప్పుడు గుర్తొచ్చింది.

తరువాతి ఆదివారం ప్రాక్టీసు అయ్యాక, ఆరు నెలలుగా తన ఎడమపక్కనే నిలబడుతున్నా తను పేరైనా అడగని ఇంఫాల్ అమ్మాయి వైపు తిరిగింది.

“దీదీ, చాయ్ పీనే చలేఁ?” అని టీకి పిలిచింది.

ఆ అమ్మాయి గబగబా బ్యాగు భుజానికి తగిలించుకుని ఆమె వెంట నడిచింది.