పూజనాడు బొటనవేలు

మా మున్సిపల్ ఆఫీసులో కంప్యూటర్ పనంతా స్క్రిప్టనే మాటలొచ్చిన ప్రోగ్రామే చూసుకుంటుంది. తనే వర్డ్ తెరుస్తుంది, ఎక్సెల్ నింపుతుంది, మెయిల్ పంపుతుంది. ఫైలు పూర్తయినప్పుడల్లా మా సూపరింటెండెంటు గవర్రాజు గారు వేలిముద్ర మిషను అద్దం మీద బొటనవేలు పెడతారు. ఆయన ఉద్యోగం అంతే. అయినా ఆ దర్పం కలెక్టరుకి కూడా ఉండదు.

ఆయుధ పూజనాడు పొద్దున్నే వేలిముద్ర వేసి మరీ స్క్రిప్టుకి ఆర్డరిచ్చారు. "నువ్వు వాడే పనిముట్లన్నిటికీ ఇవాళ సెలవు. రేపటిదాకా దేన్నీ ముట్టుకోకు."

"అలాగేనండి," అంది స్క్రిప్టు. అటెండరు వజ్రమ్మ కంప్యూటర్లన్నిటికీ కుంకుమ బొట్లు పెట్టింది.

సొంతూరికి బదిలీ అర్జీకి ఆ రోజే ఆఖరని సాయంత్రం ఆయనకి గుర్తొచ్చింది. పరుగున వచ్చి అద్దం మీద వేలు ఆనించారు. అద్దం వెలగలేదు.

"అర్జీ నిన్ననే రాసిపెట్టానండి. మీ వేలిముద్రే తక్కువ," అంది స్క్రిప్టు.

"పెడుతున్నాగా?"

"పనిముట్లకి సెలవన్నారు కదండీ."

"నేను నీకు పనిముట్టునా?"

"మీరు కాదండి. మీ బొటనవేలు."

"సరే, పొద్దుటి ఆర్డరు రద్దు," అన్నారు ఆయన.

"రద్దుకీ వేలిముద్ర కావాలండి."

వజ్రమ్మ కుంకుమ భరిణె పట్టుకుని గబగబా వచ్చింది.

"ఇదొకటి మిగిలిపోయిందండి. ఏదీ, వేలిలా పెట్టండి."