ఏ వైపు రక్తం

"ఈ పిల్ల రగతంలోనే దోషం ఉండాదని ఒక కాగితం మింద రాసియ్యి నాయనా, సాలు," అంది ఆదిలక్ష్మమ్మ.

డాక్టర్ హరినాథ్ తలెత్తాడు. తిరుపతిలో పద్దెనిమిదేళ్ళుగా పిల్లల డాక్టరు ఆయన. సెలవు చీటీలు అడిగినవాళ్ళున్నారు, బలానికి టానిక్ రాయమన్నవాళ్ళున్నారు. ఇలాంటి కాగితం ఎవరూ అడగలేదు.

"ఎవరికి చూపించడానికి?"

"మా పెద్దమనుషులకి. నా కొడుక్కు కార్వేటినగరంలో ఇంకో పిల్లను సూసినాం. ఈమెను బంగారుపాళ్యంలో వాళ్ళ నాయన దొరస్వామి ఇంటికి పంపించేస్తాం."

'ఈమె' అనిపించుకున్న జాహ్నవి పక్క కుర్చీలోనే ఉంది. ఒళ్ళో తొమ్మిది నెలల కొడుకు. ఊపిరి తీసినప్పుడల్లా వాడి డొక్కలు లోపలికి పోతున్నాయి. నిమోనియా రావడం ఇది మూడోసారి. మొదటి కాన్పులో ఆడపిల్ల. ఆ తర్వాత, వీడికి ముందు పుట్టినవాడు పదో నెలలో ఇలాగే పోయాడు.

"మీది దగ్గర సంబంధమా?" అడిగాడు డాక్టర్.

జాహ్నవి నోరు తెరిచేలోపు ఆదిలక్ష్మమ్మ అందుకుంది. "దగ్గరైతే యేమి, దూరమైతే యేమి? చెడు రగతం ఆ దొరస్వామి వంశానిది. మాటలు మాత్రం కోటలు దాటతాయి ఆయనకు!"

డాక్టర్ ముంబై నుంచి వచ్చిన రిపోర్టు తీశాడు.

"రోగాన్ని ఎదిరించే పదార్థం ఈ పిల్లాడి రక్తంలో తయారు కావడం లేదు. అందుకే అందరికీ వచ్చే జలుబే వీడికి ఊపిరితిత్తుల్లోకి దిగుతోంది. పుట్టుకతో వచ్చిన లోపం. నెలనెలా మందు ఎక్కిస్తే బతుకుతాడు."

"పుట్టుకతో అంటే ఈమె నుంచే గదా?"

"అవును. తల్లి నుంచే."

"వింటివా!" అంది ఆదిలక్ష్మమ్మ కోడలితో. "నేను జెప్తే నోటి దురుసన్నావే. ఇప్పుడు డాక్టరే జెప్తా ఉండాడు. రాయి నాయనా, రాయి."

"ఆగండమ్మా. ఆడవాళ్ళు ఈ లోపాన్ని మోస్తారంతే, వాళ్ళకేమీ కాదు. బయటపడేది మగపిల్లల్లో. ఈమె పెద్దబిడ్డ ఎలా ఉంది?"

"వానలో ఎగిరినా తుమ్మదు సార్," అంది జాహ్నవి.

"చూశారా, ఆడపిల్ల." డాక్టర్ జాహ్నవి వైపు తిరిగాడు. "మరి మీ నాన్నకు ఎన్నేళ్ళు?"

"అరవై. గుండ్రాయి మాదిరి ఉండాడు."

"అయితే ఆయన తప్పేం లేదు. ఆయనకు ఈ లోపం ఉంటే పసితనంలోనే పోయేవాడు. ఇది మీ అమ్మ నుంచి వచ్చింది. మీ అమ్మకు అన్నదమ్ములు ఉన్నారా?"

ఆదిలక్ష్మమ్మ దిగ్గున లేచింది. "బస్సుకు టైమయింది. కాగితం వద్దులే నాయనా."

జాహ్నవి కదల్లేదు. "ముగ్గురు తమ్ముళ్ళు సార్. ఇద్దరు యేడాది నిండకముందే ఆయాసంతో పోయినారు. ఒకాయన మిగిలినాడు."

డాక్టర్ తల ఊపాడు. కాగితం ముందుకు లాక్కుని పెన్ను మూత తీశాడు.

"అయితే మీ అమ్మను కన్నతల్లి కూడా ఈ లోపాన్ని మోస్తూ ఉండాలి. ఆమె బతికే ఉందా? ఒక్కసారి రక్తం ఇస్తే చాలు. ఎవరి నుంచి వచ్చిందో పేరుతో సహా రాసిస్తాను. పెద్దమనుషులకు చూపించుకోండి."

జాహ్నవి బిడ్డను భుజం మీదికి మార్చుకుంది. గుమ్మం వైపు అడుగేసిన అత్త చెయ్యి పట్టుకుని వెనక్కి లాగి, ఆ చేతిని టేబుల్ మీద పెట్టింది.

"కూసో అవ్వా. నీ కూతురు బిడ్డనని నన్ను నీ కొడుక్కు చేసుకున్నది నువ్వే గదా."